శరభన్న మూడు కుస్తీలు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఈ ఒడ్డున ఏటిపురం, ఆ ఒడ్డున గట్టుపురం. రెండూ రెండు రాజ్యాలు. ఆనకట్ట నీళ్లు ముందు ఎవరి కాలువకు వదలాలన్నది వాళ్లకు తరతరాల తగువు.

రాజులిద్దరూ మంచివాళ్లే. నీళ్ల కోసం నెత్తురు పారించడం ఇద్దరికీ ఇష్టం లేదు. మూడు కుస్తీలు పెట్టి తేల్చుకుందామని మాట అనుకున్నారు. చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి, వానాకాలంలో ఒకటి. రెండు గెలిచిన రాజ్యానికి ముందు నీళ్లు.

ఏటిపురం తరఫున శరభన్న బరిలోకి దిగాడు. మనిషి కొండంత ఉంటాడు, మనసు మాత్రం పసివాడిది. భార్య కుందమ్మ వైద్యుల ఇంటి ఆడపడుచు. చలికాలంలో ఆకలి గట్టిగా ఉంటుందని ఆమె మినప సున్నుండలు, నువ్వులుండలు, నెయ్యి కారే వేడి అన్నం, మాంసం కూర కడుపునిండా పెట్టింది.

గట్టుపురం వస్తాదు దండపాణికి పెరుగన్నమే ప్రాణం. ఏ కాలమైనా చల్లటి పెరుగన్నమే తినేవాడు. చలికి వణుకుతూ వచ్చిన అతన్ని శరభన్న చూస్తుండగానే చిత్తు చేశాడు.

ఎండాకాలం వచ్చింది. కుందమ్మ పలచని మజ్జిగ, బార్లీ జావ, కర్బూజా ముక్కలు తెచ్చి ముందు పెట్టింది. కసరత్తు కూడా కాస్త తగ్గించమంది. శరభన్న ఆ గిన్నెలను పక్కకు జరిపేశాడు.

"నన్ను గెలిపించినవి సున్నుండలు. వాటిని వదిలి జావ తాగితే ఊరు నన్ను నమ్ముతుందా?" అన్నాడు.

కుస్తీనాడు నిప్పులు చెరిగే ఎండ. శరభన్న కడుపు మండిపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. చలవ తిండితో చలాకీగా ఉన్న దండపాణి అతన్ని ఎత్తి ఇసుకలో పడేశాడు.

ఏటిపురం రైతులు తలలు వంచుకుని ఇళ్లకు పోయారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది శరభన్నకు. ఇంటికొచ్చి మూలన కూర్చున్నాడు.

కుందమ్మ మజ్జిగ చేతికిచ్చి పక్కన కూర్చుంది. "కడుపులో ఉండే జఠరాగ్ని ఏడాదంతా ఒక్కలాగే మండదయ్యా. చలికి భగ్గుమంటుంది, మొద్దు వేసినా కాల్చేస్తుంది. ఎండకు సన్నగిల్లుతుంది. వానకు మరీ మందగించి పొగచూరుతుంది. మంట చూసి కదా కట్టె వెయ్యాలి!"

శరభన్న ఆ మజ్జిగ తాగాడు. ఆ వేసవంతా ఆమె పెట్టిందే తిన్నాడు. ఒళ్లు తేలికపడింది.

వానాకాలం రాగానే మళ్లీ చిక్కొచ్చింది. మజ్జిగ రుచి మరిగిన శరభన్న ఇక ఎప్పటికీ తనకు అదే కావాలన్నాడు. కుందమ్మ పడీపడీ నవ్వింది. మొద్దులు మాని చితుకులు పట్టుకున్నాడే గానీ, మంట చూడటం ఇంకా రాలేదంది. శరభన్నకూ నవ్వొచ్చింది. ఈసారి ఎదురుచెప్పలేదు. పాతబియ్యం అన్నం, పెసరకట్టు, అల్లం మిరియాలు వేసిన వేడి చారు, కాచి చల్లార్చిన నీళ్లు. ఆమె పెట్టినంతే తిన్నాడు.

చివరి కుస్తీ నాటికి ముసురు పట్టింది. దండపాణి మాత్రం వేసవిలో తనను గెలిపించిన పెరుగన్నాన్ని మానలేదు. కడుపుబ్బరంతో, దగ్గుతో బరిలోకి వచ్చాడు. పట్టు పట్టగానే దగ్గు తెర కమ్మి వంగిపోయాడు.

పడెయ్యమని జనం కేకలు వేశారు. శరభన్న చేతులు వదిలి దూరంగా నిలబడ్డాడు. దండపాణి తేరుకుని లేచాకే కలబడ్డాడు. చాలాసేపు పెనుగులాడి, న్యాయంగా అతని వీపును నేలకు ఆనించాడు.

ఏటిపురం రాజు మురిసిపోయి ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి రోజు నీళ్లు మనకు, రెండో రోజు నుంచి వంతులవారీగా ఇద్దరికీ పారాలని కోరాడు శరభన్న. రాజు సరేనన్నాడు. గట్టుపురం రాజు కళ్లు చెమర్చాయి. తరతరాల తగువు ఆ రోజుతో తీరింది.

శరభన్న దండపాణిని భోజనానికి ఇంటికి తీసుకెళ్లాడు. వేడి చారుతో రెండు ముద్దలు తినేసరికి అతని దగ్గు నెమ్మదించింది.

"అక్కా, ఇక రోజూ ఈ చారే తాగుతాను" అన్నాడు దండపాణి.

"ఈ వానలు ఉన్నన్నాళ్లు తాగు తమ్ముడూ. చలి మొదలయ్యాక మళ్లీ రా, అప్పటి వంట అప్పుడు చెబుతాను" అంది కుందమ్మ.

కాబట్టి పిల్లలూ, ఒక కాలంలో మేలు చేసిన తిండే ఇంకో కాలంలో చేటు చేస్తుంది. కాలమెరిగి తిన్నవాడికే తిన్నది బలమవుతుంది.