పైడమ్మ కుట్టిన పుస్తకాలు

పడుకున్నావా, అమ్మలూ? కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

అనగనగా, సముద్రానికీ రైలుపట్టాలకీ నడుమ ముత్యాలవలస అని ఒక ఊళ్ళో, ఒక గది. ఆ గదికి రెండు కిటికీలు, ఒక బల్ల, నాలుగు బీరువాలు. బీరువాల నిండా పుస్తకాలు. అదే ఆ ఊరి గ్రంథాలయం. దాన్ని చూసుకునే ఆయన పేరు అప్పలనరసయ్య.

ఆయన రోజూ తొమ్మిదింటికి తలుపు తీసేవాడు. బల్ల తుడిచేవాడు. రిజిస్టరు తెరిచి, పక్కన పెన్ను పెట్టి కూర్చునేవాడు. సాయంత్రం దాకా ఎవరూ వచ్చేవారు కాదు. అప్పుడు పెన్నుకి మూత పెట్టి ఇంటికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన పేరు కూర్మారావు. రిజిస్టరు అటూ ఇటూ తిప్పాడు. అన్నీ తెల్లకాగితాలే. అప్పుడాయన, చదివేవాళ్ళు లేనప్పుడు గది ఎందుకండీ అన్నాడు. మూడు నెలలు గడువిచ్చాడు. మూడు నెలల్లో వందమంది పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి సంతకం పెట్టాలి. ఒక మనిషి పదిసార్లు పెట్టినా ఒక్కటే లెక్క. వంద రాకపోతే గదికి తాళం పడుతుంది, పుస్తకాలన్నీ లారీ ఎక్కుతాయి.

"ఒక్కటి తగ్గినా ఒప్పుకోను. రూలు రూలే," అన్నాడు కూర్మారావు.

ఆ మాట గుర్తుపెట్టుకో, అమ్మలూ. దానితో మనకు పని ఉంది.

అప్పలనరసయ్య ముందు పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాడు. దాని కింద నీడ బాగుందని ఒక మేక వచ్చి పడుకుంది. ఆ తర్వాత ఆటోకి మైకు కట్టి ఊరంతా తిరిగాడు. ఉప్పు బండి వచ్చిందనుకుని ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. పుస్తకాలని తెలిసి, గిన్నెలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత, మూడోసారి, పుస్తకాలు కళ్ళబడితేనైనా మనసు పడతారేమోనని బీరువాలు తెరిచి అన్నీ బల్ల మీద పరచబోయాడు.

పాత పుస్తకం పట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలాయి. కొత్త పుస్తకం పట్టుకుంటే ఎండకి జిగురు ఊడిపోయి, అట్ట చేతిలో మిగిలి కాగితాలు కింద పడ్డాయి.

పాతవాటికి కాగితం పెళుసు. కొత్తవాటికి కాగితం గట్టిదే, కుట్టు మాత్రం లేదు. రెండూ నిలబడలేవు. ఇవి ఇస్తే ఎవరు తీసుకుంటారు అనుకుని ఆయన నేల మీదే కూలబడ్డాడు.

అప్పుడు ఆయనకి పైడమ్మ గుర్తొచ్చింది.

పైడమ్మ ఎవరంటావా? బడిపిల్లలకి తెల్లకాగితం నోటుబుక్కులు కుట్టే మనిషి. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి జిగురు చేస్తుంది. దబ్బనంతో కుడితే ఆ నోటుబుక్కు బడి మారినా విడిపోదు. చెయ్యి అంత మంచిది. కానీ ఆమెకి చదువు రాదు.

అప్పలనరసయ్య ఇరవై పాత పుస్తకాలు, ఇరవై కొత్త పుస్తకాలు రిక్షాలో వేసి ఆమె అరుగు మీద దింపాడు. గట్టిగా కుట్టు తల్లీ, రెండు చేతులు మారినా విడిపోకూడదు అని చెప్పాడు. గట్టిగా అన్న మాటే పైడమ్మ మనసులో పడింది.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఒక అప్పడం పట్టుకుని వంచితే ఏమవుతుంది? విరుగుతుంది. అదే అప్పడాన్ని రెండు చపాతీల మధ్య పెట్టి పట్టుకుంటే? విరగదు. అవునా? పైడమ్మ వాళ్ళ నాన్న కూడా అదే నేర్పాడు. పెళుసు కాగితం పక్కన గట్టి కాగితం ఆనించి కుట్టాలని.

అందుకని ఆమె ఎడమపక్క ఒక పాత పుస్తకం పెట్టుకుంది, కుడిపక్క ఒక కొత్త పుస్తకం పెట్టుకుంది. ఎనిమిదేసి కాగితాలు ఒక కట్ట. ఎడమ నుంచి ఒక కట్ట, కుడి నుంచి ఒక కట్ట, మళ్ళీ ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. అలా రెండు పుస్తకాలూ కలిపి కుట్టేసరికి దిండంత లావయింది. అప్పుడు మొదటి సగానికి ఒక అట్ట, రెండో సగానికి ఒక అట్ట వేసి రెండు భాగాలు చేసింది. ఇరవై జతలూ అలాగే చేసింది. నెల పట్టింది.

నవ్వుతున్నావా? నవ్వు. కానీ ఆమె బతుకంతా కుట్టినవి తెల్లకాగితాలు కదా. తెల్లకాగితాల్లో ఏ కట్ట ముందొచ్చినా ఒకటే.

అప్పలనరసయ్య పుస్తకాలు చూసి మురిసిపోయాడు. మొదటి పేజీలో ఉన్న పేరు చూసి, రాసి రెండు భాగాల అట్టల మీదా అంటించాడు. లోపలికి చూడలేదు. దారిన పోతున్న గవరయ్య తాతని పిలిచి, మొదటి భాగం చేతిలో పెట్టి సంతకం పెట్టించాడు. గవరయ్య పాత పుస్తకాలు తప్ప ముట్టని మనిషి. కొత్తవాటిలో ఏముంది, అంతా సెల్లుఫోనుల గోల అనేవాడు.

అది ఓడ నడిపే ఒక బేహారి కూతురి కథ. బేహారి అంటే సరుకులు అమ్మే వర్తకుడు. గవరయ్య పదహారు పేజీలు కదలకుండా చదివాడు. సముద్రంలో గాలివాన పట్టింది. తెరచాప చిరిగింది. కొండంత కెరటం లేచింది. ఆ పిల్ల చుక్కాని పట్టుకోబోయింది, అప్పుడు ఆమె చేతిలోంచి...

తాత పేజీ తిప్పాడు.

...సిటీ బస్సు నడిరోడ్డు మీద టక్కున ఆగింది, కండక్టరమ్మాయి టికెట్ల సంచి కనిపించడం లేదు, అని ఉంది.

గవరయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బస్సు కదలలేదు. అక్కడే ఉంది. ఆయన చెప్పులు వేసుకుని గ్రంథాలయానికి వచ్చాడు.

"ఓడ ఎక్కించి బస్సులో దింపారేటయ్యా?" అన్నాడు.

అప్పలనరసయ్య ఒక పుస్తకం తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. మూడోది తెరిచి, మూసేశాడు. నలభై అట్టల్లో ఒక్కటీ తిన్నగా లేదు. గడువులో ఒక నెల అయిపోయింది. ఆయన పైడమ్మ ఇంటికి వెళ్ళాడు కానీ తిట్టడానికి నోరు రాలేదు. జరిగింది చెప్పి, తల వంచుకుని కూర్చున్నాడు.

పైడమ్మ పొయ్యి మీది జిగురు గిన్నె దింపింది. ఆ తర్వాత, "నాకేటి తెలుసు బాబూ, నాకు కాగితమే కనబడింది. కథ కనబడలేదు. రేపొచ్చి అన్నీ ఇప్పేసి మళ్ళీ కుడతాను," అంది.

అక్కడ గవరయ్య, నా ఓడ కట్టలు నేనే వెతుక్కుంటాను లెమ్మని పుస్తకం ఇంటికి పట్టుకుపోయాడు. ఓడ కోసం పేజీలు తిప్పుతుంటే మధ్యలో కన్ను బస్సు మీద పడింది. సంచి పోయిన పిల్ల డిపోలో ఏం చెప్పుకుంటుంది పాపం అనిపించింది. ఒక్క పేజీ చూద్దామనుకున్నాడు. ఆ కట్ట అయిపోయింది.

ఆయన మనవరాలు హారిక కాలేజీలో చదువుతోంది. పాత పుస్తకాలంటే కలరా ఉండల వాసన అని ముక్కు మూసుకునే పిల్ల. తాతయ్య బస్సు కథ చదువుతున్నాడేమిటా అని వెనక నుంచి తొంగి చూసింది. ఆయన అన్నానికి లేవగానే పుస్తకం లాక్కుంది. బస్సు కట్ట చదివింది. దాని వెనకాలే ఓడ కట్ట ఉంది. చదవకుండా ఉండలేకపోయింది.

కానీ చుక్కాని అంటే ఏమిటో తెలియలేదు. వెళ్ళి తాతయ్యని అడిగింది. ఆయన పేపరుతో పడవ చేసి, దాని వెనక చీపురుపుల్ల గుచ్చి, ఇది ఎటు తిప్పితే ఓడ అటు తిరుగుతుందని చూపించాడు. ఆ తర్వాత ఆయనకో అనుమానం. ఆ కండక్టరమ్మాయి లొకేషన్ పంపింది అంటే ఏం పంపినట్టు? హారిక ఫోను తీసి చూపించింది. మనమున్న చోటు చుక్కలా కనబడేసరికి ఆయన ముచ్చటపడిపోయాడు.

"కొత్త పుస్తకం నీకెందుకు తాతయ్యా?" అంది హారిక.

"నేను చదవలేదమ్మా. కన్ను పడిందంతే," అన్నాడు గవరయ్య.

తెల్లారి పైడమ్మ కత్తెర పట్టుకుని గ్రంథాలయానికి వచ్చింది. ఆ ఓడా బస్సూ పుస్తకం రెండో భాగమే ముందు తీసింది. దారానికి కత్తెర ఆనించింది. అప్పుడు తాతా మనవరాలూ ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చారు. సంచి దొరికిందా అని తాత అడిగాడు. ఓడ మునిగిందా అని పిల్ల అడిగింది. రెండో భాగం ఉందా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

పైడమ్మ కత్తెర పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పుకో చూద్దాం. హారిక తన స్నేహితురాళ్ళకి చెప్పింది. గవరయ్య రచ్చబండ దగ్గర చెప్పాడు. టీ కొట్టువాడు ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. పాతవి కావాలన్నవాళ్ళ చేతికి కొత్తవీ వచ్చాయి, కొత్తవి కావాలన్నవాళ్ళ చేతికి పాతవీ వచ్చాయి. మొదటి భాగం అయినవాళ్ళు రెండో భాగం కోసం, మజ్జిగ తోడుకి వెళ్ళినట్టు ఇంటింటికీ వెళ్ళి అడిగేవారు. అయ్యిందా అమ్మా అని ఒకరు, ఇంకో రెండు కట్టలున్నాయి వదినా అని ఇంకొకరు. మాటలు తెలియక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గరికి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చునేవారు.

పైడమ్మకి మాత్రం మనసు కుదుటపడలేదు. మెచ్చుకున్నా తప్పు తప్పే కదా అంది. నా చేత్తో కుట్టినది నేను చదవలేకపోతే ఎలా అని హారికని అక్షరాలు అడిగింది. రోజుకి మూడు అక్షరాలు. జిగురు ఉడుకుతుంటే పొయ్యి దగ్గర బొగ్గుతో రాసేది.

చివరిరోజు వచ్చింది. రిజిస్టరులో తొంభై ఎనిమిది సంతకాలు. పుస్తకాలన్నీ ఊళ్ళో తిరుగుతున్నాయి, ఇంకొకరికి ఇద్దామంటే బీరువాలో లేవు. ఉయ్యాల్లో ఉన్న మునిమనవడి వేలిముద్ర వేయిద్దామన్నాడు గవరయ్య. అప్పలనరసయ్య ఒప్పుకోలేదు. చదవని సంతకం నాకొద్దు, తాళం పడితే పడనీ అన్నాడు.

ఆ పొద్దున్నే పైడమ్మ వచ్చింది. పది రోజుల కిందట హారిక సంతకం మీద తెచ్చుకున్న మొదటి భాగం ఆమె చేతిలో ఉంది. ఓడా బస్సూ పుస్తకం. అంతా చదివానంది. ఇప్పుడు నా పేరు మీద రాయండి బాబూ, ఇంకోసారి పట్టుకెళ్తాను అంది. పెన్ను పట్టుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, పైడమ్మ అని రాసింది. బతుకంతా వేలిముద్ర వేసిన మనిషి. ఇంటికి తీసుకెళ్ళి, పైట కొంగుతో తుడిచి, మూడు కావస్తుండగా తిరిగి తెచ్చేసింది.

తొంభై తొమ్మిది.

మూడింటికి కూర్మారావు వచ్చాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒక్కటి తక్కువ. నాలుగింటికి నా బస్సు, తాళం కప్ప తెండి అన్నాడు. అప్పలనరసయ్య తాళం తేవడానికి లేచాడు. బల్ల మీద ఉన్నది ఒకే పుస్తకం, పైడమ్మ తెచ్చినది. ఎలా ఉందో రాసుకోవాలి కదా అని ఆఫీసరు దాన్ని తెరిచాడు.

ఓడ బయలుదేరింది. గాలివాన పట్టింది. కెరటం లేచింది. ఆయన పేజీ తిప్పాడు. బస్సు ఆగింది, సంచి పోయింది. ఇదేమిటండీ అన్నాడు. అప్పుడాయన ఇంకో కట్ట చదివాడు. ఆ తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. బయట నాలుగింటి బస్సు హారను కొట్టింది, కాసేపు చూసింది, వెళ్ళిపోయింది. ఆయన తల ఎత్తలేదు.

అయిదున్నరకి పుస్తకం చంకన పెట్టుకుని లేచాడు. మిగతాది దారిలో చదువుకుంటానన్నాడు.

పైడమ్మ గుమ్మంలో నిలబడింది.

"సంతకం లేందే పుస్తకం గుమ్మం దాటదు బాబూ. రూలు రూలే," అంది.

కూర్మారావు ఆమెని చూశాడు. రిజిస్టరు చూశాడు. తన మాట తనకే గుర్తొచ్చింది. కాసేపు నవ్వాపుకున్నాడు, ఆ తర్వాత ఆపుకోలేదు. కూర్చుని, నీటుగా సంతకం పెట్టాడు.

ఎన్నైంది? నువ్వే చెప్పు. వంద.

ఆ గదికి తాళం పడలేదు. ఆ తర్వాత పైడమ్మ తీరిగ్గా కుట్లు విప్పింది. ఇప్పుడామెకి చదువొచ్చు కదా. పాత కథ పాత కథగా, కొత్త కథ కొత్త కథగా, ప్రతి పెళుసు కాగితానికీ పల్చటి తెల్లకాగితం ఆనించి కుట్టింది. కానీ ఒక పాతదీ ఒక కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఒకే దారంతో కట్టి బీరువాలో పెట్టింది. ఈనాటికీ ముత్యాలవలసలో ఒక్క పుస్తకం ఇవ్వరు. అడిగితే జతగా ఇస్తారు.

ఆ ఓడా బస్సూ పుస్తకం మాత్రం విప్పలేదు. ఎలా విప్పుతారు? మొదటి భాగం కూర్మారావు గారు ఇంకా తిరిగివ్వలేదు. రెండో భాగం కోసం ప్రతి శనివారం ఆయనే వచ్చి, గవరయ్య పక్కన కూర్చుని చదువుకుని వెళ్తాడు.

సంచి దొరికిందా అంటావా? ఓడ మునిగిందా అంటావా? రేపు పొద్దున్న నువ్వూ నేనూ వెళ్ళి అడుగుదాం. సంతకం మాత్రం నువ్వే పెట్టాలి.

ఓడేమో రేవుకి చేరింది,
బస్సేమో డిపోకి చేరింది,
కథేమో కంచికి చేరింది,
కునుకేమో కంటికి చేరింది.
పుస్తకం తలగడ కిందికి,
మనమేమో దుప్పటి కిందికి.