చలి గుర్తు

దానయ్య మాస్టారు పడవ మీద కొత్తవాళ్ళకి చేతి గుర్తులు నేర్పేటప్పుడు చలి గుర్తుని ఎప్పుడూ చివరికి ఉంచుతారు. నీళ్ళ అడుగున మాట పనికిరాదు, చేతులే నోరు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే బాగున్నానని. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా వేసుకుని భుజాలు రుద్దుకుంటే చలేస్తోందని. ఈ చివరిది మాత్రం ఒకరికొకరు ఎదురుగా నిలబడి చేసి చూపించాలంటారు. అందరూ నవ్వుతూనే చేస్తారు. "నవ్వండి, నవ్వండి. ఈ గుర్తు అందరికీ వచ్చు, లోపలికెళ్ళాక ఒక్కరూ చెయ్యరు" అంటారాయన.

ఆయన నేవీలో డైవరుగా చేసి వచ్చి, భీమిలి దారిలో సముద్రం ఒడ్డున మాకు ఈ విద్య నేర్పి, సముద్రం అడుగు చూడ్డానికి వచ్చేవాళ్ళని దింపే పనిలో పెట్టుకున్నారు. మాలో అందరికన్నా ముందు చేరింది వరాలు. ఒక పుష్యమాసం సాయంత్రం, ఉప్పు దిగడానికి తొట్టిలో నానేసిన వెట్‌సూట్లు, అదే నీళ్ళలో వేసుకునే రబ్బరు సూట్లు, తీసి తీగ మీద ఆరేస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మాస్టారూ, మనల్నే నమ్ముకున్న మనిషితో 'నేను అలిసిపోయాను' అనొచ్చా?"

ఎవరి గురించో మాకందరికీ తెలుసు. వానాకాలంలో పడవని నీళ్ళలోకి నెడుతూ జారిపడి, వాళ్ళాయన ఎల్లారావు నడుం దెబ్బతింది. అప్పట్నుంచీ మంచం మీదే. ఎలాగుందని అడిగితే, "నాకేటి, బాగానే ఉన్నాను" అంటాడు. "నాకూ బాగానే ఉంది" అంటుంది వరాలు. పగలంతా సముద్రంలో, రాత్రంతా అతన్ని ఈ పక్కకీ ఆ పక్కకీ ఒత్తిగిలించడంలో, ఆ పిల్ల కళ్ళ కింద నీడలు ఇంక చెరగడం మానేశాయి. అయినా వీధి మలుపు దగ్గర ఆగి, మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకునే గుమ్మంలోకి వెళ్ళేది.

"అంటే ఆయన కుంగిపోతాడు. అనకపోతే నేను పడిపోయేలాగున్నాను" అంది మళ్ళీ తనే.

మాస్టారు తడి సూటు ఒకటి అందుకుని తీగ మీద వేశారు. "పొద్దున్న నాతో పడవెక్కు. కొత్తగా పెళ్ళయిన జంట వస్తోంది" అన్నారు. అంతే.

ఆ జంట కరీంనగర్ వైపు వాళ్ళు. అతను మహిపాల్, ఆమె రజిత. ఇద్దరూ సముద్రం చూడడమే మొదటిసారి. పడవలో మందపాటి సూటు ఒక్కటే ఉంది, అది మగవాళ్ళ కొలత. "నువ్వేసుకో" అంటే "నువ్వేసుకో" అని కాసేపు వాదులాడుకున్నారు. చివరికి అతనే గెలిచి, దాన్ని ఆమెకిచ్చి తను పల్చటిది వేసుకున్నాడు. టీ ఫ్లాస్కు సర్దుతూ నేను చూస్తూనే ఉన్నాను. వరాలు ఆమె వెనకాల నిలబడి జిప్పు పైకి లాగింది, ఆవులింత ఆపుకుంటూ.

మన సముద్రం చలికాలంలో మంచునీళ్ళేం కాదు. చెయ్యి పెడితే హాయిగా ఉంటుంది. దిగగానే ఇంకా హాయిగా ఉంటుంది. అక్కడే మోసపోతాం. ఒంట్లో వేడిని అది దోచుకోదు, మనం ఏమరుపాటుగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా అడిగి పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటుంది. వెట్‌సూట్ అయినా నీళ్ళని ఆపేదేం కాదు. లోపలికొచ్చిన కాసిని నీళ్ళని ఒంటికి అంటిపెట్టి కదలనివ్వదు, వాటిని మన ఒళ్ళే వెచ్చబెట్టుకుంటుంది. వదులుగా ఉందా, ఆ వెచ్చని నీళ్ళు పోతూనే ఉంటాయి, చల్లనివి వస్తూనే ఉంటాయి.

అడుగున జరిగింది వరాలు చెప్పగా విన్నదే. పల్చని ఆకుపచ్చ వెలుగు, నాచు పట్టిన బండ, దాని చుట్టూ ఎవరో గుప్పిట్లోంచి విసిరినట్టు పసుప్పచ్చ చేపలు. మాస్టారు రజితని పట్టుకుంటే, వరాలు మహిపాల్‌ని పట్టుకుంది. బాగుందా అని వరాలు అడిగినప్పుడల్లా అతను ముందు భార్య వైపు చూసి, తర్వాత సున్నా చుట్టేవాడు. ఆమె అతని సున్నా చూసి తనూ చుట్టేది. వరాలు ఆ సున్నాలని నమ్మి ముందుకే తీసుకెళ్ళింది. నమ్మడం తేలిక, మొహాల్లోకి చూడడానికి ఓపిక కావాలి, అది ఆమె దగ్గర అయిపోయింది.

అప్పుడు మాస్టారు ఇద్దరి మధ్యకీ వచ్చి ఆగారు. ఎవరినీ ఏమీ అడగలేదు. తనే రెండు చేతులూ గుండెల మీద వేసుకుని భుజాలు రుద్దుకున్నారు.

వరాలు తెల్లబోయింది. నీళ్ళ అడుగున ఆయన ఆ గుర్తు చెయ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు. అంతలోనే, దానికోసమే కాచుకున్నట్టు, రజిత చేతులు అడ్డంగా లేచాయి. ఆ వెంటనే మహిపాల్‌వి. మాస్టారు బొటనవేలు పైకెత్తారు.

పడవెక్కేసరికి మహిపాల్ వేళ్ళకి జిప్పు తాడు చిక్కడం లేదు, పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. రజిత పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఏమైందమ్మా" అని నేను అడగబోతే మాస్టారు కసిరారు. "పైకొచ్చిన మనిషిని ముందే ప్రశ్నలడక్కు. గ్లాసుల్లో టీ పొయ్యి." గాలి తగలని వైపు కూర్చోబెట్టి, పొడి తువ్వాళ్ళు కప్పి, తలలకి ఉన్ని టోపీలు తగిలించి, ఫ్లాస్కులోని అల్లం టీ ఇద్దరి చేతుల్లో పెట్టాం.

సగం గ్లాసు అయ్యాక రజితకి మాట వచ్చింది. "నీకు గంత సలి పెడితే, మరి మంచిగున్న అని చెయ్యెందుకు సూపిస్తివి?"

"నువ్వు సూపిస్తున్నవని నేను సూపించిన. నీ సంబురం ఖరాబు చెయ్యొద్దని."

"నేనూ గదే అనుకున్న."

"ఇద్దరం మస్తు తెలివిగల్లోళ్ళం" అన్నాడు మహిపాల్. ఇద్దరూ వణుకుతూనే నవ్వారు.

వరాలు నవ్వలేదు. రజిత విప్పిన సూటుని చేతిలోకి తీసుకుని, ఆ మెడా ఆ చేతులూ ఎంత వదులో చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి మాస్టారి పక్కకి వచ్చింది.

"నా తప్పే మాస్టారూ. జిప్పు పెట్టినప్పుడే చూసుకోవాలి. కింద కూడా చూసుకోలేదు. నిద్దర లేదు మాస్టారూ. నాకింక ఓపిక లేదు."

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. కోప్పడలేదు. "ఈ ముక్క చెప్పాల్సింది నాకు కాదమ్మా" అన్నారు.

ఇంజను మొదలైంది. ఒడ్డు దగ్గరపడింది. దిగేముందు వరాలు అడిగింది: "మరి మీకు నిజంగానే చలేసిందా?"

మాస్టారు టోపీని చెవుల మీదికి లాక్కున్నారు. "లేకపోతే నీళ్ళలో కూడా అబద్ధాలాడతానా?"

మర్నాడు వరాలు ఆలస్యంగా వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అలసట ఎక్కడికీ పోలేదు గాని, దాన్ని దాచుకునే పని మాత్రం తప్పినట్టుంది మొహంలో. తొట్టి గట్టు మీద కూలబడింది.

"చెప్పీసాను మాస్టారూ."

"ఏమన్నాడు?"

"ముందు గోడకేసి మొహం తిప్పీసుకున్నాడు. చచ్చాన్రా బాబూ అనుకున్నాను. తరవాత, 'నాకూ నొప్పి తగ్గలేదే, నిన్ను లేపలేక పళ్ళు బిగబట్టి పడుంటన్నాను' అన్నాడు. నేనేమో నిద్దరోతన్నాడనుకుంటన్నాను ఇన్నాళ్ళూ." ముక్కు తుడుచుకుంది. "ఇద్దరం బాగా ఏడిచాం. మా ఆడబడుచుని వచ్చి కొన్నాళ్ళుండమని కబురెట్టమన్నాడు, తనే."

మాస్టారు సూట్లు ఒక్కొక్కటే తీసి, పైకెత్తి, కొలతలు చూసి విడదీస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"మరి, ఇద్దరికీ టీ పెట్టావా?"