పదమూడో జత కాళ్ళు

కాళ్ళు కడుక్కోకుండానే పక్కెక్కుతున్నావా శౌరీ? దిగు, దిగు. చన్నీళ్ళంటే నీకు ఏడుపని నాకు తెలుసులే. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అవి కాగేలోపు ఈ కథ విను.

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊళ్ళో కాదమ్మా, మంచు కురిసే ఊళ్ళో, ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దాడికి సింహాసనం, రెండోవాడికి సైన్యం, మూడోవాడికి గుడి. అదీ వాళ్ళ పద్ధతి. మూడోవాడి పేరు హూగో. బంగారంలాంటి పిల్లాడు. కానీ కోటలో పెరిగాడేమో, చదువు బోలెడు, పని మాత్రం సున్నా.

కొన్నాళ్ళకి తండ్రి కన్నుమూశాడు. అప్పుడు పెద్దాడు రాజయ్యాడు. ఆ తర్వాత హూగో పెరిగి ఆ గుడికి పెద్ద, అదే, బిషప్పుగారయ్యాడు.

తపస్సు కాలం వచ్చింది, అంటే ఈస్టరు పండక్కి ముందు నలభై రోజుల ఉపవాసాలన్నమాట. ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. ఆ నలభై రోజుల్లో ప్రతి గురువారం బిషప్పుగారు పన్నెండు మంది పేదవాళ్ళ కాళ్ళు తన చేత్తో కడగాలి. చివరి గురువారం మటుకు రాజుగారు కూడా వచ్చి పదమూడోవాడిగా కూర్చోవాలి. రెండు కాళ్ళూ కడిగేదాకా లేవకూడదు.

మొదటి గురువారం హూగో, అన్నీ నేనే చేస్తానని పనివాళ్ళని పంపేశాడు. బావినీళ్ళు తోడి తెచ్చి, బెర్తమ్మ అనే ముసలావిడ కాళ్ళ మీద గుమ్మరించాడు. పాపం ఆవిడ గజగజా వణికిపోయింది.

"ఇంత చల్లగా ఉన్నాయేమిటి? మా కోటలో నీళ్ళు వేడిగానే ఉండేవే," అన్నాడు హూగో. చూశావా, మంట పెడితేగానీ నీళ్ళు వేడెక్కవని కూడా తెలీదు మహానుభావుడికి!

"నీళ్ళు వాటంతటవే కాగుతాయా నాయనా? కట్టెలు కావాలి," అంది బెర్తమ్మ. "అడవేమో మీ అన్నగారిది. మా ముసలాయన నాలుగు చితుకులు ఏరుకొచ్చాడని చెరసాల్లో వేయించారు. ఈ చలికి మళ్ళీ నా కళ్ళపడతాడో లేదో."

హూగోకి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. ఆ ముసలాయన్ని వదిలిపెట్టమని అన్నకి ఉత్తరం రాశాడు. అన్న నవ్వేసి, కాళ్ళు కడగడానికి ఓ వెండి పళ్ళెం పంపాడు.

అప్పుడు హూగో తనే వెళ్ళాడు. అన్నకి తమ్ముడంటే ప్రాణం. కొసరి కొసరి తినిపించాడు, మంచి ఉన్నికోటు తొడిగాడు. "అడవి సంగతి మాత్రం ఎత్తకు తమ్ముడూ," అన్నాడు. హూగో తిన్నగా చెరసాలకి పోయి, ఆ కోటు ముసలాయనకి తొడిగి వచ్చాడు.

మళ్ళీ అడగడానికి వెళ్ళలేదు. అన్న ఎటూ వస్తాడుగా, చివరి గురువారం కోసం ఆగాడు. ఈలోగా వారం వారం తన ఇంటి కట్టెలే కాల్చి పేదలకి వేణ్ణీళ్ళు పెట్టాడు. కట్టెలు అయిపోయాయి. ఆ తర్వాత బల్ల, ఆ తర్వాత మంచం. చివరికి బిషప్పుగారి పెద్ద కుర్చీ ఒక్కటే మిగిలింది. దాన్నీ తనే గొడ్డలి పట్టుకుని కొట్టాడు.

ఆ గురువారం పన్నెండు మంది కాళ్ళూ వేణ్ణీళ్ళతో కడిగాడు. పదమూడో జత దగ్గరికి వచ్చేసరికి కాగు ఖాళీ. అప్పుడు బావినీళ్ళు తెచ్చి అన్న కాలి మీద పోశాడు. రాజుగారు ఎగిరిపడ్డాడు.

"వేణ్ణీళ్ళు లేవట్రా?"

"నాకు మిగిలిన కట్టె నా కుర్చీయే అన్నయ్యా. అది పన్నెండు మందికే సరిపోయింది. అడవి నీది కదా," అన్నాడు హూగో, ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ. "ఇంకో కాలుంది. ఇలా పెట్టు."

రాజుగారు పెట్టలేదు. లేచీ పోలేదు. పక్కన కూర్చున్న బెర్తమ్మని చూశాడు. చలికి కమిలిపోయిన తమ్ముడి చేతులు చూశాడు. అప్పుడు, "ఆ ముసలాయన్ని వదిలెయ్యండి. ఇకనుంచి రాలిన చితుకులు ఏరుకునేవాళ్ళవే," అన్నాడు. ఆ తర్వాత రెండో కాలు తనే ముందుకు చాపాడు.

మర్నాడు పొద్దున్నే ముసలాయన వచ్చాడు. ఒంటి మీద అదే ఉన్నికోటు, నెత్తిన చితుకుల మోపు. గుడి ముందే పొయ్యి రాజేశాడు. కూర్చోబెడదామంటే కుర్చీ లేదాయె. హూగోని మెట్టు మీదే కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళతో ఆయన కాళ్ళు కడిగాడు. అన్నాళ్ళూ అందరి కాళ్ళూ కడిగినాయన కాళ్ళు ఎవరూ కడగలేదమ్మా. హూగో చిన్నపిల్లాడల్లే వెక్కి వెక్కి ఏడ్చాడు.

అదిగో, మన నీళ్ళూ కాగాయి. ఏదీ, ఆ బుల్లి కాళ్ళు ఇలా పెట్టు.

కథేమో కంచికి,
కట్టేమో పొయ్యికి,
వేణ్ణీళ్ళు కాళ్ళకి,
మనమేమో పక్కకి.