ముందు బెంచీలో ఊగే తల

సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదివే కౌండిన్య అనే కుర్రవాడికి, అర్థం కాని మాటకి కూడా "అర్థమైంది" అని తల ఊపే అలవాటుండేది.

ఆ అలవాటు అతనికి చిన్నప్పుడే పట్టుకుంది. బడిలో "అర్థం కాలేదు" అన్నవాణ్ణి లేపి నిలబెట్టేవారు. అర్థమైందన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, వాడు హాయిగా కూర్చునేవాడు. ఈ కిటుకు కనిపెట్టాక కౌండిన్య దాన్ని ఇక వదల్లేదు. సెలూన్‌లో "పక్కలు దించెయ్యమంటారా, కొంచెం ఉంచమంటారా?" అని అడిగితే తల ఊపేవాడు. గుండుకి కాస్త తక్కువగా బయటికి వచ్చేవాడు. ఏ ఊళ్ళో దిగి ఏ బస్సు మారాలో కండక్టరు చెబితే తల ఊపేవాడు. ఆ తరవాత ఏదో తెలియని ఊళ్ళో దిగి, తెల్లమొహం వేసుకుని నిలబడేవాడు. అయినా బుద్ధి రాలేదు. జుట్టు మళ్ళీ పెరిగేది, ఇంకో బస్సు వచ్చేది. తల ఊపినంత మాత్రాన కొంప మునగదని అతని ధీమా.

తెలివి లేనివాడా అంటే, కాదు. మార్కులు బాగా వచ్చేవి. ఆనర్స్ పట్టా తెచ్చుకోవాలని ఆశ. అందుకే ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునేవాడు.

అతని హాస్టల్ గదిలోనే సాల్మన్ రాజు ఉండేవాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు. మాట తక్కువ, కష్టపడడం ఎక్కువ. మొదటి రెండేళ్ళలో కొన్ని సబ్జెక్టులు తప్పాడు. ఈసారి ప్రోగ్రామింగ్ సబ్జెక్టు కూడా పోతే క్రెడిట్లు చాలవు. క్రెడిట్లు చాలకపోతే డిటైన్ చేస్తారు, అంటే తోటివాళ్ళంతా నాలుగో సంవత్సరానికి పోతుంటే అతను మాత్రం మళ్ళీ మూడో సంవత్సరమే చదవాలి.

"జూనియర్ల పక్కన కూర్చుని మళ్ళీ అవే పాఠాలు వినడం నా వల్ల కాదురా. అలాగైతే సంచి సర్దుకుని వెళ్ళిపోతాను," అనేవాడు సాల్మన్ రాజు. ఊరికే అన్న మాట కాదది.

సెమిస్టరు మొదట్లో విశాలాక్షి మేడమ్ ఆ సబ్జెక్టు చెప్పడానికి వచ్చింది. మంచి టీచరే, కానీ మాట వేగం. పాఠం మొదలుపెట్టే ముందు విశ్వవిద్యాలయం వారి నియమాలు గబగబా చదివి వినిపించింది.

"హోమ్‌వర్క్ ప్రోగ్రాముల విషయంలో ఉమ్మడి ఆలోచనకి అనుమతి ఉంది. ఉమ్మడి రచనకి అనుమతి లేదు. ఆలోచనలో పాలుపంచుకున్నవారి పేరు ప్రోగ్రాము పైన విధిగా రాయాలి. ఉల్లంఘించినవారిపై చర్య ఉంటుంది. అర్థమైందా?"

ఉమ్మడి ఆలోచన ఎక్కడ ఆగుతుంది, ఉమ్మడి రచన ఎక్కడ మొదలవుతుంది? ఒకడు తల గోక్కున్నాడు. ఒకమ్మాయి పక్కమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి కిటికీ వైపు చూసింది. వెనక బెంచీలో సాల్మన్ రాజు చెయ్యి భుజం దాకా లేచింది.

సరిగ్గా అప్పుడు మేడమ్ అందరు టీచర్లూ చేసే పనే చేసింది. క్లాసంతా వెతక్కుండా ముందు బెంచీలో ఒక్క మొహం చూసింది. అక్కడ కౌండిన్య గంగిరెద్దులా తల ఊపుతున్నాడు.

"అర్థమైంది మేడమ్!"

"గుడ్. ఇక పాఠంలోకి వెళ్దాం," అంది మేడమ్. వెనక బెంచీలో లేచిన చెయ్యి మెల్లిగా కిందికి దిగిపోయింది.

క్లాసు అయ్యాక క్యాంటీన్‌లో టీలు చల్లారిపోతున్నా ఎవరూ తాగలేదు.

"కలిసి ఆలోచించుకోవచ్చట, కలిసి రాయకూడదట. అంటే కాగితం మీద గీసి చూపిస్తే ఆలోచనా, రచనా?" అన్నాడొకడు.

"ఒకళ్ళ ప్రోగ్రాము ఒకళ్ళం చూడొచ్చా?" అంది ఒకమ్మాయి. "చూడకూడదంటే ల్యాబ్‌లో పక్కపక్కనే కూర్చుని కళ్ళు మూసుకోవాలా?"

"పేరు రాయాలట. పేరు రాస్తే తప్పు ఒప్పుకున్నట్టా, తప్పు లేనట్టా?" అన్నాడు మూడోవాడు.

ఎంత మాట్లాడుకుంటే అంత చిక్కు పడింది. చివరికి అందరూ కౌండిన్య మీద పడ్డారు. "నీకు అర్థమైందన్నావుగా, చెప్పు మరి!"

కౌండిన్యకీ ఒక్క ముక్క తెలియదు. కానీ ఊపిన తలని ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకుంటాడు? తోచిందేదో చెప్పాడు.

"ఏముందిరా అందులో! ఒకరిది ఒకరం చూసుకోవచ్చు. ఫైలు మాత్రం కాపీ చెయ్యకూడదు. ఎవరి చేత్తో వాళ్ళు టైప్ చేసుకోవాలి. అంతే."

చెప్పేటప్పుడు అది నిజమేనేమో అని అతనికే అనిపించింది. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. పూర్తిగా నమ్మినవాడు సాల్మన్ రాజు.

కొన్నాళ్ళకి మేడమ్ ఒక హోమ్‌వర్క్ ఇచ్చింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అన్నిటికన్నా దగ్గరి దారి వెతికే ప్రోగ్రాము రాయాలి. తెలియని ఊళ్ళో దిగిపోయే కౌండిన్య ఆ ప్రోగ్రాము మాత్రం చక్కగా రాశాడు. సాల్మన్ రాజుకి ఎంత తన్నుకున్నా దారి దొరకలేదు.

"చూడొచ్చన్నావు కదరా, ఒకసారి చూపించు," అన్నాడు మొహమాటపడుతూ.

కౌండిన్య కంప్యూటరు అతని వైపు తిప్పాడు. సాల్మన్ రాజు ఒక్కో వరుసా చదివి, తన కంప్యూటర్లో తన వేళ్ళతో టైప్ చేసుకున్నాడు. ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి కౌండిన్య తన మేనత్త ఊరి పేరు వాడితే, అతనూ ఆ ఊరి పేరే వాడాడు. మోసం చేద్దామనుకున్నవాడు పేర్లయినా మారుస్తాడు కదా! అతను అవి మార్చలేదు సరికదా, నియమం ప్రకారం ప్రోగ్రాము పైన "కౌండిన్యతో కలిసి ఆలోచించాను" అని రాశాడు.

విశ్వవిద్యాలయంలో అందరి ప్రోగ్రాములనీ పక్కపక్కన పెట్టి పోల్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది ఆ రెండిటినీ ఇట్టే పట్టేసింది. స్నేహితులిద్దరికీ క్రమశిక్షణ సంఘం నుంచి పిలుపు వచ్చింది.

పిలుపు చూసి సాల్మన్ రాజు మంచం మీద కూలబడ్డాడు. "నేనేం తప్పు చేశానురా? చేత్తోనే కదా టైప్ చేశాను? పేరు కూడా రాశాను కదా?"

నాకూ తెలియదని చెప్పడానికి కౌండిన్యకి నోరు రాలేదు. "ఏమీ కాదులే," అన్నాడు. అది కూడా అతనికి తెలియని విషయమే.

సంఘం గది బయట ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. లోపల ఏం జరగబోతోందో ఇద్దరికీ తెలియదు. సాల్మన్ రాజు చొక్కా అంచు నలుపుతూ మెల్లిగా అన్నాడు.

"ఆ రోజు క్లాసులో నేను అడుగుదామనుకున్నాన్రా. చెయ్యి కూడా ఎత్తాను. ఇంతలో నువ్వు తల ఊపావు. అందరికీ అర్థమైంది, అర్థం కాని మొద్దుని నేనొక్కణ్ణే అనుకున్నాను. సిగ్గేసి చెయ్యి దించేసుకున్నాను."

తన తల తన మెడ మీదే ఉందనీ, ఊపితే నష్టం తనకేననీ కౌండిన్య ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అది ఊగినందువల్ల వెనక బెంచీలో ఒక చెయ్యి దిగిపోయిందని అతనికి తట్టనే లేదు. ఏదో చెప్పబోయాడు, ఈలోగా లోపలికి రమ్మన్నారు.

సంఘానికి పెద్ద రంగనాయకులు గారనే ప్రొఫెసరు. తల నెరిసిన మనిషి, కోపిష్టి కాదు, కానీ తొందరలో ఉన్నాడు. పక్కనే విశాలాక్షి మేడమ్ కూర్చుంది.

"చూడండి బాబూ," అన్నాడాయన. "మీ రెండు ప్రోగ్రాములూ ఒకటే. మీకు రెండు దారులున్నాయి. ఏడో నియమం కింద ఒప్పుకుంటే విచారణ ఉండదు, ఇవాళే తేలిపోతుంది. ఒప్పుకోకపోతే తొమ్మిదో నియమం కింద విచారణ జరుగుతుంది. అప్పుడు పన్నెండో నియమంలోని మినహాయింపు వర్తించదు. అర్థమైందా?"

ఏడు, తొమ్మిది, పన్నెండు! కౌండిన్య బుర్ర గిర్రున తిరిగింది. ఇవాళే తేలిపోవడం మంచిదా, చెడ్డదా? మినహాయింపు ఎవరికి, దేని నుంచి? పక్కన సాల్మన్ రాజు బిక్కమొహం వేసుకుని అతని వైపే చూస్తున్నాడు. నువ్వెలా అంటే అలాగే అన్నట్టుంది ఆ చూపు.

కౌండిన్య తల అలవాటు చొప్పున కిందికి వంగింది. ఇక పైకి లేస్తే ఒక ఊపు పూర్తవుతుంది. అతను రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు. బడిలో లేపి నిలబెట్టిన పిల్లల మొహాలన్నీ గుర్తొచ్చాయి. అయినా లేచి తనే నిలబడ్డాడు.

"అర్థం కాలేదు సార్."

పుట్టి బుద్ధెరిగాక అతను ఆ మాట అనడం అదే మొదలు. గది కూలిపోలేదు. ఎవరూ నవ్వలేదు. రంగనాయకులు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఏది అర్థం కాలేదు?"

"ఏదీ కాలేదు సార్. ఒప్పుకుంటే ఏమవుతుంది?"

"ఒప్పుకుంటే ఇద్దరికీ ఈ సబ్జెక్టు పోతుంది."

సాల్మన్ రాజు నోరు తెరుచుకుని ఉండిపోయింది. కౌండిన్య తల పూర్తిగా ఊగి ఉంటే, స్నేహితుడి చదువు అక్కడే ఆగిపోయేది!

"మరి పన్నెండో నియమం సార్?"

"నియమాన్ని తప్పుగా అర్థం చేసుకుని, ఏదీ దాచకుండా చేసినవాడి కోసం అది. ఆ ఒక్క హోమ్‌వర్క్‌కి సున్నా వేసి, మళ్ళీ రాయిస్తారు. సబ్జెక్టు పోదు. అయితే ఆ రెండు దారుల్లో దేంట్లోకీ వెళ్ళకముందే, జరిగింది జరిగినట్టు ఇక్కడే చెప్పాలి."

"అయితే చెబుతాను సార్," అన్నాడు కౌండిన్య. "మేడమ్ నియమం చదివిన రోజు నాకేమీ అర్థం కాలేదు. అయినా తల ఊపాను. మేడమ్ నన్ను చూసి ముందుకెళ్ళిపోయారు. తరవాత అందరూ అడిగితే నోటికొచ్చింది చెప్పాను. సాల్మన్ రాజు నేను చెప్పిందే నియమం అనుకున్నాడు. అందుకే పైన నా పేరు కూడా రాశాడు. వాడు దాచిందేమీ లేదు సార్. తెలిసినట్టు నటించింది నేను."

చెప్పేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విశాలాక్షి మేడమ్ సాల్మన్ రాజు ప్రోగ్రాము మొదటి వరుస మరొకసారి చూసింది.

"నిజమే సార్. ఆ రోజు నేను ఒక్క తల చూసి క్లాసంతటికీ అర్థమైందనుకున్నాను. అందులో నా తప్పూ ఉంది," అంది.

సంఘం పన్నెండో నియమం కింద సాల్మన్ రాజుకి ఆ హోమ్‌వర్క్‌లో సున్నా వేసి, వారంలోగా కొత్తగా రాసివ్వమంది. సబ్జెక్టు దక్కింది. కౌండిన్యకి సబ్జెక్టు పోలేదు కానీ గ్రేడు తగ్గించారు. తెలియని నియమాన్ని తెలిసినట్టు పదిమందికీ చెప్పినందుకు మందలింపు అతని రికార్డుకెక్కింది. మందలింపు ఉన్నవారికి ఆనర్స్ పట్టా ఇవ్వరు.

"మందలింపు సంగతి అర్థమైందా బాబూ?" అని అడిగాడు రంగనాయకులు గారు, ఈసారి మెల్లిగా.

"అర్థమైంది సార్," అన్నాడు కౌండిన్య. ఈసారి నిజంగానే అర్థమైంది. బాగా నొప్పిగా కూడా ఉంది.

బయటికొచ్చాక సాల్మన్ రాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీ ఆనర్స్ పోయింది కదరా," అన్నాడు దిగులుగా.

"నువ్వు పోలేదు కదా," అన్నాడు కౌండిన్య.

మర్నాడు మేడమ్ క్లాసులో ఆ నియమాన్నే మళ్ళీ చదివింది. "అర్థమైందా?" అని, అలవాటు చొప్పున ముందు బెంచీ వైపు చూసింది. క్లాసంతా కూడా అటే చూసింది.

కౌండిన్య లేచాడు. "లేదు మేడమ్. ఉమ్మడి ఆలోచనంటే ఏమిటో మామూలు మాటల్లో చెప్పండి."

వెనక బెంచీలో సాల్మన్ రాజు చెయ్యి పూర్తిగా పైకి లేచింది. దాని పక్కన ఇంకోటి. తరవాత ఎటు చూసినా చేతులే. మేడమ్ ఆశ్చర్యపోయింది. పుస్తకం మూసేసి బల్ల ముందుకొచ్చింది.

"పులుసు ఎలా పెట్టాలో అందరూ కలిసి మాట్లాడుకోండి. చింతపండు ముందా, ముక్కలు ముందా అని కావలసినంత వాదించుకోండి. కానీ వండేటప్పుడు ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళుండాలి. పక్కవాడి గిన్నె మూత తియ్యకూడదు, మీ గిన్నె మూత తీసి చూపించకూడదు. ఎవరితో మాట్లాడారో మాత్రం దాచకుండా చెప్పాలి. అంతే!"

"ఓహో, ఇంతేనా!" అంది క్లాసు ఒక్క గొంతుతో. ఇన్నాళ్ళ తికమక ఒక్క ప్రశ్నతో విడిపోయినందుకు నవ్వులు కూడా వినిపించాయి. అందరిలోకీ గట్టిగా నవ్వింది సాల్మన్ రాజు. కౌండిన్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

నీతి: అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం చిన్నతనం కాదు. తెలియకుండా తల ఊపేవాడు తనొక్కడే దారి తప్పడు, తనని నమ్మినవాళ్ళనీ తప్పిస్తాడు.