దీపం ముందున్న రాయి

అనగనగా, నేల చెప్పాపెట్టకుండా వణికే ఒక రాజ్యం. ఏటి నీళ్లు ఏ ఊరికి ఎప్పుడు పారాలో కోట వాకిట ఒక రాతిపలక మీద చెక్కి ఉండేది. పలక ముందు దీపం వెలిగేది. దీపం ముందున్న మాటే రాజుగారి మాట.

ఏటేటా నీటి వంతులు మారేవి. పాత రాత చెరిపి, అదే పలక మీద కొత్తది చెక్కడం అక్కడి ఆచారం.

ఒక ఏడు నాగోజు అనే శిల్పి పాతది చెరిపి కొత్తది సగం చెక్కాడో లేదో, నేల వణికింది. ఉలి జారి చెయ్యి తెగింది. పాత మాట పోయింది, కొత్త మాట సగమే మిగిలింది. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుని, రెండు ఊళ్లు కాలువ గట్టున కొడవళ్లు ఎత్తాయి.

మరుసటి ఏడు మారోజు అనే మరో శిల్పి వచ్చాడు. "నేలతల్లి కళ్లు తెరిచేలోగా ముగించేస్తా, చూడండి!" అన్నాడు. పనిమంతుడే, కాదనను. కానీ నేల ఎవరి తొందర చూసి ఆగుతుంది? ముప్పాతిక చెక్కేసరికి మళ్లీ వణుకు, రాత అక్కడే ఆగింది, మళ్లీ గొడవ. ఈసారి గట్టు మీద నెత్తురు పారింది. నానా తంటాలు పడి ఎలాగో ఆ రాత పూర్తి చేయించారు.

మూడో ఏడు రాజు ఓబాంబ అనే శిల్పిని పిలిపించాడు. "తల్లీ, ఈసారి రాత చెడితే నా ప్రజలు ఒకరినొకరు నరుక్కుంటారు" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఓబాంబ పాత పలకను ముట్టుకోలేదు. పక్కనే మరో పలక నిలబెట్టింది.

"రెండు రాళ్లుంటే రెండు మాటలవుతాయి కదమ్మా?" అన్నాడు రాజు భయంగా.

"రాళ్లు రెండైనా దీపం ఒక్కటే కదా, ప్రభూ!"

రాత పూర్తయింది. ఓబాంబ ప్రతి అక్షరం వేలితో తడిమి చదువుకుంది. దీపం చేతికెత్తుకుంది. సరిగ్గా అప్పుడే నేల వణికింది. కొత్త పలక కూలి ముక్కలైంది.

"అయ్యో, అంతా పోయింది!" అన్నాడు రాజు.

"ఏదీ పోలేదు ప్రభూ. దీపం కొత్త రాయి ముందు ఇంకా దిగలేదు. పాత మాటే చెల్లుతుంది." ఓబాంబ దీపాన్ని పాత రాయి ముందే పెట్టింది.

ఆ మాట ప్రకారమే నీళ్లు పారాయి. ఒక్క కొడవలీ లేవలేదు. ఓబాంబ మరో పలక మీద మొదటి అక్షరం నుంచి మళ్లీ చెక్కింది.

అది ముగిసిన రోజు ఊళ్లన్నీ కోట వాకిటికి కదిలివచ్చాయి. అందరూ చూస్తుండగా ఓబాంబ దీపాన్ని పాత రాయి ముందు నుంచి తీసి కొత్త రాయి ముందు పెట్టింది. అంతే! ఒక్క రెప్పపాటులో రాజ్యం మాట మారింది. రాజు సింహాసనం దిగి వచ్చి చేతులు జోడించాడు. అంతటి నేల వణికినా ఆ మాట వణకలేదు మరి!

కొత్తది నిండుగా నిలిచేదాకా పాతదాన్ని చెరపకూడదు.