పిండిమర దగ్గర సంతకం

లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుగా బతకాలంటే మా రాయదుర్గం కంటే బళ్లారే మేలని నేను లెక్క తేల్చాను. రెండు ఊళ్ల మధ్య రాష్ట్ర సరిహద్దు. నేను తిరిగి కనుక్కున్నంతలో, మా వైపు ఏడాదికి ముప్పై కొత్త కనెక్షన్లకు ఒక కాంట్రాక్టరు. అటువైపు తొంభైకి ఒకరు. మూడింతల పని!

కర్ణాటక లైసెన్సుకు ఫారం నింపాను. ఐదేళ్లు నేను తన దగ్గర పని నేర్చుకున్నానని మా ఉస్తాద్ దస్తగిరి సాహెబు సంతకం చేయాలి. మరునాడే గడువు.

ఆ రోజు రుద్రమ్మ పిండిమరకు కొత్త మోటారు బిగించి, వైరింగు పూర్తి చేశాను. ఉస్తాద్ రాగానే ఫారం, లెక్కల కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివాడు.

"ఎంత తిరిగినావప్పా! నలభై ఏండ్ల పనిలో నాకు ఈ లెక్క తట్టనే లేదు."

నా ఛాతీ ఉబ్బింది. "సంతకం, ఉస్తాద్?"

"ముందు కరెంటు ఇద్దాం."

కొత్త పని అప్పజెప్పేటప్పుడు ఆయనకో అలవాటుంది. నేల మీద చెంబెడు నీళ్లు పోసి, చెప్పులు విడిచి, ఆ తడిలో నిలబడి మోటారు మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఆ తర్వాతే స్విచ్చు. ఇన్నాళ్లూ తన పనికే అలా నిలబడేవాడు. ఈసారి నా పనికి నిలబడ్డాడు.

"ఏం సాయిబూ, మోటారుకు మొక్కుకుంటాండావా?" జొన్నల గంపలతో వచ్చిన ఆడవాళ్లు నవ్వారు.

"మోటారుకు కాదమ్మా, బిగించినోనికి" అని నా వైపు తిరిగాడు. "వెయ్యప్పా."

స్విచ్చు మీద వేలు పెట్టాను. వేలు కదల్లేదు. ఫారం ఇవ్వడానికి బళ్లారి బస్సు అందుకోవాలన్న తొందరలో, షాకు కొట్టకుండా కాపాడే ఎర్త్ వైరు నట్టును పొద్దున చేత్తో తిప్పి వదిలేశాను. పానా వేయలేదు.

"ఉస్తాద్, చెయ్యి తీయండి."

తీశాడు.

పానాతో ఆ నట్టు బిగించాను. మిగతావన్నీ మళ్లీ చూశాను. తర్వాత చెప్పులు విడిచి ఆ తడిలోకి నేను దిగాను. మోటారు మీద అరచెయ్యి పెట్టి, "మీరు వేయండి" అన్నాను.

మర తిరిగింది. చేతి కింద మోటారు సన్నగా వణికింది, అంతే. రుద్రమ్మ మొదటి గంప పోసింది.

ఉస్తాద్ ఫారాన్ని గోడకు ఆనించి పట్టుకుని, నా వైపు చెయ్యి చాపాడు.

"పెన్నియ్యి."