సిమెంటు మీది వేళ్ళ గుర్తులు

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం సూరపరాజు మాస్టారికి అలవాటు లేదు. ముందు చెప్పులు విప్పమంటారు. సముద్రపు ఒడ్డున ప్రభుత్వం కంచె వేయించిన ఆ ఎర్రమట్టి దిబ్బల్లో ఆదివారాలు కూలి లేకుండా దిబ్బల్ని కాపాడే పనికి వచ్చేవాళ్ళకి ఆయన పెట్టిన నియమం అదొక్కటే. ఉత్త కాళ్ళతో, ముందువాళ్ళ అడుగులోనే అడుగు వేసి నడవాలి. పదిమంది వెళ్ళినా ఒక్కరు వెళ్ళినట్టే ఉండాలి.

ఆ ఆదివారం నూకరత్నం చెప్పులు విప్పకుండానే అడిగేసింది.

"కూలిపోతున్నదాన్ని ఎలా కాపాడాలి మాస్టారూ?"

అడిగింది దిబ్బ గురించి కాదని ఆయనకి తెలుసు. ఆమె కూతురు హైమ భర్త పోయి మూడు నెలలు. పిల్ల పుట్టింటికి వచ్చిన రోజునుంచీ రత్నం దాన్ని ఒక్క క్షణం ఒంటరిగా వదల్లేదు. గది తలుపుకి గడియ ఊడదీయించింది. పరామర్శకొచ్చినవాళ్ళకి దాని బదులు తనే జవాబు చెప్పింది. దాని కళ్ళు తడైతే చాలు, కొంగుతో తుడిచేసి కబుర్లలో పెట్టేది. అయినా పిల్ల రోజురోజుకీ చిక్కిపోతోంది. ఆ ఉదయం మాత్రం నోరు విప్పింది. "నన్ను ఏడవనియ్యవేంటమ్మా!" అంది. అప్పటినుంచి రత్నానికి ఏమీ పాలుపోవడం లేదు.

ఆమె చెప్పులు విప్పేదాకా ఆగి, మాస్టారు ముందు నడిచారు. ఆయన అడుగుల్లో అడుగు వేస్తూ ఆమె.

నిలువెత్తు దిబ్బ ఒకటి కనిపించింది. రాత్రి వానకి దాని అడుగు కోసుకుపోయింది. అక్కడినుంచి సన్నగా నీరు ఊరుతోంది, ఇసుక జారుతోంది. రత్నం చూస్తూ ఉండలేకపోయింది. మోకాళ్ళ మీద కూలబడి, కోసుకుపోయిన చోట మెత్తడానికి తడిమట్టి దోసిట్లోకి తీసుకుంది.

పక్కనే ప్లాస్టిక్ సీసాలు ఏరుతున్న ఆటో తోలే పైడిరాజు నవ్వాడు. "ఏటమ్మా, దానికేటి దెబ్బ తగిలిందని కట్టు కడతన్నావు?"

మాస్టారు నవ్వలేదు. కోప్పడనూ లేదు. ఇంకో పది అడుగులు నడిపించారు. అక్కడ నడుమెత్తున ఎర్రటి ముద్ద, రాయిలా గట్టిగా నిలబడి ఉంది. దాని వెనక ఏమీ లేదు, కూలిన ఇసుక తప్ప. ముద్ద మీద వేళ్ళ గుర్తులు.

"ఎవరివి మాస్టారూ ఈ వేళ్ళు?"

"నావే. ఇక్కడ ఆ ఊరుతున్నదానికంటే పెద్ద దిబ్బ ఉండేది. అడుగు కరిగిపోతుంటే చూడలేక, మట్టిలో సిమెంటు కలిపి మెత్తాను. రంగు కూడా కలిసిపోయిందని మురిసిపోయాను. వానాకాలం వచ్చింది. లోపలికి దిగిన నీటికి బయటికి దారి లేకపోయింది."

రత్నం ఆ వేళ్ళ గుర్తుల్ని చూసింది. తన దోసిట్లో మట్టిని చూసుకుంది. దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

"అయితే వదిలెయ్యమంటారా?" గొంతులో కోపమో ఏడుపో ఆమెకే తెలియదు.

మాస్టారు వెనక్కి వచ్చి, ఊరుతున్న దిబ్బ చుట్టూ వాలిపోయిన తాడు పైకెత్తారు. చూడవచ్చినవాళ్ళ చెయ్యి అందనంత దూరంలో మేకు పాతి, తాడు రెండో కొస ఆమె వైపు చాచారు.

"వదిలేసేవాణ్ణయితే, ఆదివారం ఆదివారం ఎందుకొస్తాను తల్లీ?" అన్నారు.